డ్రమ్ము బట్టీలో పైన బూడిద, అడుగున కొరువులు: సరుగుడు కొమ్మల బొగ్గు ఎక్కడ చెడుతోంది?

#1 రణస్థలం సరుగుడు

అందరికీ నమస్కారం. సరుగుడు తోట కోత అయింది. కర్రలు వ్యాపారి ఎత్తుకుపోయాడు. మిగిలినవి తలకొమ్మలు, రెండంగుళాల లోపు రెమ్మలు, వంకర ముక్కలు, కొన్ని మోళ్లు. కోసి మూడు వారాలు. 200 లీటర్ల ఇనప డ్రమ్ముకి మూత కోయించి, అడుగున ఐదు కన్నాలు పెట్టించాం. నాలుగు దఫాలు కాల్చాం, నాలుగుసార్లూ ఒకటే వరస. పైన జానెడు మేర బూడిద. అడుగున నల్లరంగు పూసినట్టున్న పచ్చి కర్ర, కొరువులే. మధ్యలో రెండు మూడు కిలోల బొగ్గు, అదీ చేత్తో నలిపితే పొడి.

ఉదయం పదింటికి పైనుంచి అంటిస్తున్నాం, మధ్యాహ్నం రెండింటికి మూస్తున్నాం, సాయంత్రం ఆరింటికి తెరుస్తున్నాం. మూత చుట్టూ తోటలో ఇసకే తడిపి పెడుతున్నాం. కర్ర తూచలేదు. తప్పు ఎక్కడ?

#2 బొబ్బిలి బట్టీ

తప్పు ఒక చోట లేదు తమ్ముడూ, ఐదు చోట్ల ఉంది. మీరు రాసిన దాంట్లోనే అన్నీ కనిపిస్తున్నాయి.

కర్ర పచ్చిది. మూడు వారాలకి సరుగుడు పైన ఎండినట్టు ఉంటుంది గానీ లోపల నీరు అలాగే ఉంటుంది. బొటనవేలంత రెమ్మలూ రెండంగుళాల ముక్కలూ కలిపి వేశారు. రెమ్మ బొగ్గై, బూడిదై పోయేసరికి లావు ముక్క ఇంకా ఆవిరి వదుల్తూ ఉంటుంది. ఇసక గాలిని ఆపదు, తడి ఉన్నంతసేపే ఆపుతుంది. డ్రమ్ము వేడికి పది నిమిషాల్లో ఆరి జారిపోతుంది. ఆ సందులోంచి గాలి దూరి మీ పైబొగ్గు అంతా బూడిద చేసింది. ఇక మూసిన నాలుగు గంటల్లోనే తెరవడం. లోపల చల్లారని బొగ్గుకి గాలి తగిలితే మళ్లీ రాజుకుంటుంది, మీ కళ్ల ముందే ఇంకో కిలో పోతుంది.

పైనుంచి అంటించడం తప్పని అనను. కానీ అలా అంటిస్తే మంట కిందకి దిగడానికి టైము పడుతుంది. అది అడుగుకి చేరకముందే మూసీసారు. అందుకే అడుగున కొరువులు.

#3 నాగావళి

బొబ్బిలి అన్నయ్య చెప్పిన మొదటి తప్పుకి లెక్క రాస్తాను, దాంతో మిగతావి కూడా అర్థమవుతాయి.

వెయ్యి కిలోల పచ్చి కర్రలో 45 శాతం నీరు ఉందనుకోండి. అంటే 450 కిలోల నీరు, 550 కిలోల గట్టి కర్ర. అదే కర్ర 20 శాతం తడికి ఆరితే బరువు 687 కిలోలు, అందులో నీరు 137. అంటే 313 కిలోల నీటిని ఎండ ఉచితంగా తీసుకుపోయింది. ఎండ తీయకపోతే ఆ పని మీ కర్రే చేయాలి, డ్రమ్ములో తనను తాను కాల్చుకుని. ఆ నీటిని ఆవిరి చేయడానికే, వేడి అణువంత కూడా వృథా కాకపోయినా, నలభై కిలోలకి పైగా ఎండు కర్ర కావాలి. డ్రమ్ములో వేడి సగానికి పైగా రేకు గోడల్లోంచి బయటికి పోతుంది కాబట్టి నిజంగా కాలేది దానికి రెండు మూడింతలు.

ఇంకో సంగతి. కర్ర లోపల నీరున్నంతవరకు దాని వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు పోయాకే పైకి వెళ్తుంది. సుమారు 280 డిగ్రీలు దాటాక కర్ర తనంతట తాను విడిపోతూ వేడి పుట్టిస్తుంది, అక్కడి నుంచి బట్టీ సొంతంగా నడుస్తుంది. 450–500 దాకా వెళ్తే గట్టి బొగ్గు, నాలుగింట మూడు వంతులు కార్బన్. 300 దగ్గరే ఆగిపోతే తూకం ఎక్కువ వస్తుంది, మురిసిపోకండి, అది పొగ బొగ్గు. మీ అడుగు ముక్కలు ఆ 280 కూడా చూడలేదు.

#4 రణస్థలం సరుగుడు

అర్థమైంది అక్కా. అయితే ఎండిందో లేదో తెలిసేది ఎలా? తేమ కొలిచే మీటరు లేదు. ఎన్నాళ్లు ఆగాలి?

#5 బొబ్బిలి బట్టీ

మీటరెందుకు. ఒక లావు ముక్కని నడిమికి కోసి, ఆ నడిమి నుంచి బిళ్ల ఒకటి తీయండి. కొసలోంచి తీస్తే అబద్ధం చెప్తుంది, కొసలు ముందే ఆరిపోతాయి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. 200 గ్రాములు వచ్చిందనుకోండి. పెనం మీద సన్న సెగకి పెట్టి, తిప్పుతూ, మాడకుండా, ఇక తూకం తగ్గనంతవరకు ఆరబెట్టండి. 160 దగ్గర ఆగితే పోయింది 40, అంటే 20 శాతం తడి. కాల్చీవచ్చు. 130 దగ్గర ఆగితే ఇంకో నెల ఆగండి.

చేతి గుర్తులు కూడా ఉన్నాయి. కొసల్లో చక్రం ఆకుల్లా పగుళ్లు వస్తాయి. బెరడు గోటితో లేస్తుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే పచ్చిది ‘దబ్’ అంటుంది, ఎండింది ‘ఠంగ్’ అంటుంది.

ఆరబెట్టే పద్ధతి ముఖ్యం. పచ్చిగా ఉన్నప్పుడే బట్టీ కొలతకి కోసీయండి. నీరు బెరడులోంచి కాదు, కోసిన కొసల్లోంచి పోతుంది. బారెడు కొమ్మకి రెండే కొసలు, దాన్నే నాలుగు ముక్కలు చేస్తే ఎనిమిది. కింద రెండు దుంగలు అడ్డంగా వేసి, వాటి మీద పేర్చండి, నేల తగలకూడదు. గాలి వచ్చే దిక్కుకి కొసలు పెట్టండి. పైన తాటాకు కప్పండి. నీలం టార్పాలిన్ చుట్టూ కట్టీస్తే లోపలే చెమటపట్టి బూజు పడుతుంది. సంక్రాంతి నుంచి మే దాకా అయితే రెండంగుళాల సరుగుడుకి రెండు నెలలు చాలు. తొలకరి పడ్డాక లెక్క మారిపోద్ది.

#6 పూసపాటిరేగ

ఇంత హడావిడి ఎందుకండీ. పెద్ద మట్టి బట్టీల్లో పచ్చి కర్రే కాలుస్తారు కదా, బొగ్గు బాగానే వస్తుంది.

#7 బొబ్బిలి బట్టీ

వస్తుంది మావా. అది ఐదారు టన్నుల బట్టీ. చుట్టూ జానెడు మట్టి దుప్పటి. లోపలి వేడి బయటికి పోదు, రోజుల తరబడి నింపాదిగా ఆరుతూ కాలుతుంది. అలా కాల్చినా నూరు కిలోల కర్రకి పది పదిహేను కిలోలే చేతికొచ్చేది. డ్రమ్ము అంటే మిల్లీమీటరు రేకు. యాభై అరవై కిలోల కర్ర. దానికి పచ్చి కర్రని ఆరబెట్టేంత వేడి ఎక్కడిది?

పైగా మీ పూసపాటిరేగ, రణస్థలం తీరం ఇసకలో గొయ్యి బట్టీ పనికిరాదు. గోడలు కూలతాయి, కొంచెం లోతు తవ్వితే చెమ్మ తగులుతుంది. మా బొబ్బిలి ఎర్రనేలలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు తవ్వి కాల్చుకోవచ్చు. తీరంలో డ్రమ్మే మేలు.

#8 పూసపాటిరేగ

గొయ్యి సంగతి నిజమే, ఒప్పుకున్నాను. గాలి మాట ఒకటి కలుపుతాను. సముద్రం వైపు తోటల్లో తొమ్మిది పది గంటలకి గాలి తిరుగుతుంది, మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పదింటికి అంటిస్తే తూర్పు వైపు కన్నాల్లోకి గాలి దూసుకొచ్చి, ఆ పక్క బూడిద, పడమర పక్క కొరువులు. తెల్లారి ఐదింటికి అంటించండి. గాలి మొదలయ్యేసరికి పెద్ద పని అయిపోతుంది. అప్పటికీ కాకపోతే గాలి వచ్చే పక్క కన్నాలు సగం మూసి, రెండు రేకులు అడ్డం నిలబెట్టండి.

డ్రమ్ము చుట్టూ ముప్పై అడుగులు నేల ఊడ్చేయండి. రాలిన సరుగుడు పీచు మెత్తటి పరుపులా ఉంటుంది, లోపల్లోపల నిప్పు పాకి పక్క తోటలో తేలుతుంది.

#9 రణస్థలం సరుగుడు

బొబ్బిలి అన్నా, మొదటి నుంచి చివరి దాకా ఒక దఫా ఎలా నడపాలో వరసగా రాస్తారా? డ్రమ్ము ఎలాగూ ఉంది, కన్నాలు అడుగునే ఉన్నాయి.

#10 బొబ్బిలి బట్టీ

రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

ముందు డ్రమ్ము. పురుగుమందులు, రసాయనాలు పోసినది వద్దు. ఇంజనాయిలు, వంటనూనె డ్రమ్ము మంచిది. పెట్రోలు, థిన్నరు పోసిన డ్రమ్ముని ఖాళీగా ఉందని గ్యాస్ కట్టరుతో కోయించారంటే లోపలి ఆవిరి పేలుతుంది. నిండా నీళ్లు పోసి ఉలీ సుత్తితో కోయించాలి. కొత్త డ్రమ్ముని ఒకసారి ఖాళీగా చితుకులతో కాల్చీసి రంగంతా పోగొట్టండి. రంగు పొగ పీల్చకండి, పొగ వచ్చే పక్క నిలబడకండి.

అడుగున ఐదు కన్నాలు సరే, ఒక్కోటి అంగుళంన్నర ఉండాలి. నడిమిన ఒకటి, చుట్టూ నాలుగు. మూతకి నడిమిన మూడంగుళాల కన్నం ఒకటి కొట్టించండి. దాన్ని మూయడానికి జానెడు రేకు ముక్క పక్కన పెట్టుకోండి.

మట్టి ముందురోజే కలపాలి. పుట్టమన్ను రెండు పాళ్లు, ఇసక ఒక పాలు, తరిగిన వరిగడ్డి రెండు గుప్పిళ్లు. పుట్టమన్ను ఒక్కటే అయితే ఎండి బీటలేస్తుంది, గడ్డి ఆ బీటల్ని పట్టి ఉంచుతుంది. చపాతీ పిండి కంటే కొంచెం పలచగా. రెండు తట్టలు చాలు. అదనంగా ఇంకో తట్ట పొడి మట్టి.

డ్రమ్ముని మూడు ఇటుకల మీద నిలబెట్టండి. ముక్కలన్నీ 40 సెంటీమీటర్లు ఉండాలి. డ్రమ్ము ఎత్తు 88 చిల్లర కాబట్టి రెండు వరసలు నిలువుగా పడతాయి, పైన బెత్తెడు ఖాళీ ఉంటుంది. నడిమిన నాలుగంగుళాల లావు గుంజ ఒకటి నిలబెట్టి, దాని చుట్టూ పేర్చండి. లావువి గుంజకి దగ్గరగా, సన్నవి రేకు పక్కకి. నడుమ వేడి ఎక్కువ, అంచున తక్కువ, అందుకని. సందులు తగ్గేటట్టు బిగించి పేర్చండి. సందున్న చోట మంట లేస్తుంది, మంట లేచిన చోట బూడిద. అయ్యాక గుంజని మెల్లగా తిప్పుతూ పైకి లాగీయండి. పొగగొట్టంలా దారి మిగులుతుంది.

ఆ దారిలోకి ముందు ఎండు తాటాకు, చితుకులు, తర్వాత కుంపట్లోని నిప్పులు ఒక పళ్లెంనిండా వెయ్యండి. కిరసనాయిలు అక్కర్లేదు. పది నిమిషాల్లో నడిమి దారి మంట పట్టుకుంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు తెరిచే మండనివ్వండి. తర్వాత మూత మూడు రాళ్ల మీద ఎత్తి పెట్టండి. తెల్లగా, దట్టంగా, బరువుగా పొగ వస్తుంది. చెయ్యి అడ్డం పెడితే తడి తగులుతుంది. అది ఆవిరి. ఎండు కర్రకి గంట లోపు తగ్గుతుంది. మీ పచ్చి కర్రకి మూడు గంటలు అదే వచ్చి ఉంటుంది, మీరు దాన్నే బట్టీ నడవడం అనుకున్నారు.

తెల్లపొగ పల్చబడి, పసుపు కలిసి, కళ్లు మండేలా ఘాటెక్కితే కర్ర విడిపోతోందని. అప్పుడు రాళ్లు తీసీసి మూత దించండి. చుట్టూ మట్టి పెట్టండి. ఇక పొగ మూత కన్నంలోంచి మాత్రమే రావాలి. డ్రమ్ము అడుగు చుట్టూ కట్ట పోసి, నాలుగు దిక్కులా పిడికిలంత నోరు వదలండి. గాలి అంతా ఆ నాలుగు నోళ్ల నుంచే లోపలికి పోవాలి.

ఇక్కడి నుంచి కదలకూడదు. అరగంటకోసారి నేల మీదకి వంగి నోళ్లలోకి చూడండి. డ్రమ్ము కింద నేల మీద ఎర్రటి వెలుగు పడిందా, చిన్న నిప్పు రవ్వలు కన్నంలోంచి రాలుతున్నాయా? అంటే ఆ పక్క బొగ్గు తయారై, ఇక బొగ్గే కాలుతోంది. ఆ నోరు మూసీయండి. మిగతా పక్కలకి గాలి మళ్లుతుంది. ఇలా ఒక్కొక్కటీ. పై పొగ పల్చగా నీలంగా మారి, మూత మీద అంగుళం మేర ఏమీ కనిపించకుండా తర్వాత నీలం కనిపిస్తే పూర్తయినట్టే. మూత దించాక రెండున్నర నుంచి నాలుగు గంటలు. పొగ అసలు కనిపించకపోతే ఆలస్యమైంది, బొగ్గు తినేస్తోంది.

మూసే వరస: ముందు కింది నోళ్లన్నీ, రెండు నిమిషాలు ఆగి పై కన్నం. పైది ముందు మూస్తే లోపలి గ్యాసు కింద నుంచి తన్నుకొచ్చి మంట బయటికి లేవచ్చు. మట్టి మొత్తం ఒకసారి తడి చేత్తో రాయండి. అరగంట తర్వాత చుట్టూ తిరిగి చూడండి, ఎక్కడ సన్నగా పొగ దారం కనిపిస్తే అక్కడ మట్టి. తెరిచేది మర్నాడు పొద్దున. డ్రమ్ము పైనా కిందా అరచెయ్యి పెట్టి చూడండి, రెండు చోట్లా చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే ఇంకా ఆగండి.

#11 రణస్థలం సరుగుడు

నీళ్లు చల్లి ఆర్పితే అదే రోజు రెండో దఫా పెట్టుకోవచ్చు కదా?

#12 కొలిమి తిత్తి

కొలిమి పని వాళ్ల వైపు నుంచి చెప్తాను, దయచేసి నీళ్లు చల్లకండి. ఎర్రటి బొగ్గు మీద నీళ్లు పడితే చిట్లి ముక్కలవుతుంది, సగం పొడి. మిగిలింది నీరు పీల్చుకుని తూకం పెరుగుతుంది. కొన్నవాడు ఒకసారి కొంటాడు, రెండోసారి రాడు. కొలిమిలో తిత్తి ఊదగానే తడి బొగ్గు టపటపా పేలి నిప్పులు మొహం మీదకి వస్తాయి. ఇస్త్రీ పెట్టెలో అయితే బట్ట మీద పడతాయి.

మంచి బొగ్గు పరీక్ష: ముక్క రాయి మీద పడేస్తే గాజు పెంకులా మోగాలి. విరిచిన చోట నల్లగా మెరవాలి, కర్ర వలయాలు కనిపించాలి. చేతికి మసి పెద్దగా అంటకూడదు. గోధుమ రంగు చార కనిపించినా, విరవడానికి బలం కావలసి వచ్చినా అది కొరువే. దాన్ని పక్కన పెట్టండి. ఒక్క కొరువు ఉన్నా కుంపటి ఇల్లంతా పొగ.

సరుగుడు బొగ్గు బరువు, నింపాదిగా కాలుతుంది, ఇనుము కాచడానికి బాగుంటుంది. బుడితి లాంటి చోట ఇత్తడి కరిగించే పనికి సుమారు 950 డిగ్రీలు దాటాలి, అక్కడ సన్న రెమ్మల బొగ్గు పనికిరాదు, కోడిగుడ్డంత ముక్కలు కావాలి. ఇస్త్రీకి ఉసిరికాయంత చాలు. జల్లెడ పట్టి రెండు రకాలుగా విడదీస్తే అడిగిన వాళ్లకి అడిగింది ఇవ్వొచ్చు.

#13 ఉద్దానం కోత

కోత మాట ఎవరూ ఎత్తలేదు. 40 సెంటీమీటర్ల ముక్కలు వేల సంఖ్యలో కావాలి, రెమ్మా రెమ్మా పట్టుకుని చైన్ సాతో కోస్తే రోజు గడిచినా అవ్వదు, ప్రమాదం కూడా. సన్న రెమ్మ రంపానికి దొరకదు, గొలుసు దాన్ని లాక్కుని చేతి మీదకి విసురుతుంది.

రెండు గుంజలు ఇంటూ గుర్తులా దాటించి కట్టండి. అలాంటివి రెండు చేసి అడుగున్నర ఎడంలో నిలబెట్టండి. ఆ ఒడిలో కొమ్మలు నింపి, లారీ బెల్టుతో కదలకుండా బిగించండి. బెల్టుకి అటూ ఇటూ ఒక్కో కోత. ముప్పై నలభై ముక్కలు ఒక్క కోతలో పడతాయి. కట్టు వదులైతే కొయ్యకండి.

తీరం తోటల్లో గొలుసుకి శత్రువు ఇసక. గాలికి ఎగిరి బెరడు సందుల్లో కూర్చుంటుంది. నేలకి రెండడుగుల లోపు బెరడుని కత్తితో గీకి, కొబ్బరి చీపురుతో కొట్టి కొయ్యండి. గొలుసు కొస ఒక్క క్షణం నేల ఇసకకి తగిలితే చాలు, అన్ని పళ్లూ పోయాయి. మోళ్లని రంపంతో ముట్టొద్దు. తవ్వి, కడిగి, ఇనప చీలలు పెట్టి సమ్మెటతో చీల్చడమే.

మొద్దుబారిన గుర్తు: పొట్టు పొడవుగా కాక పిండిలా వస్తుంది. మీరు నొక్కితే గానీ రంపం దిగదు. నూనె వస్తున్నా పొగ వస్తుంది. కోత ఒక పక్కకి వంకర పోతే రెండు పక్కల పళ్లూ సమానంగా లేవని. ఆకురాయి సైజు గొలుసుని బట్టి ఉంటుంది. చిన్న రంపాల సన్నరకం త్రీ బై ఎయిట్ గొలుసుకి 4 మి.మీ., పాయింట్ త్రీ టూ ఫైవ్ గొలుసుకి 4.8 మి.మీ. తప్పు సైజుతో రాస్తే పన్ను కొక్కెంలా అవుతుంది, లేదంటే వీపు మిగిలిపోతుంది. 30 డిగ్రీల కోణం, లోపల నుంచి బయటికే తోయాలి, వెనక్కి లాగకూడదు. అన్ని పళ్లకీ లెక్క ఒకటే, మూడంటే మూడు, ఐదంటే ఐదు. నాలుగైదు సార్లు నూరాక పన్ను ముందున్న చిన్న మొట్టని కూడా తగ్గించాలి, పన్ను కంటే 0.65 మి.మీ. కింద ఉండాలి. అది మర్చిపోతే ఎంత పదునున్నా రంపం కర్ర మీద జారుతుంది. మరీ తగ్గిస్తే ఎగిరి తంతుంది.

#14 పూసపాటిరేగ

ఆయిలు కలపడం కూడా చెప్పన్నా. కొందరు కంటికి తోచినంత పోసేస్తున్నారు.

#15 ఉద్దానం కోత

రంపం పుస్తకంలో ఏం రాసుంటే అదే. యాభైకి ఒకటి అంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు. ఇరవై ఐదుకి ఒకటి అంటే 40 మి.లీ. చవక 58 సీసీ రంపాలు చాలావరకు రెండో రకం. తక్కువైతే పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారి ఆగిపోతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, చెమ్మ లాగుతుంది. కలిపింది నెల దాటించకండి, పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో ఉన్నది కూడా ఆడించి ఆర్పేయండి. గొలుసు నూనె బదులు బండి నుంచి తీసిన నల్ల ఆయిలు పోయడం మామూలైపోయింది. దాంట్లో ఇనప రజను ఉంటుంది, గొలుసు తిరిగే బారు గాడిని తినేస్తుంది.

తుఫాను చెట్టు కోసే వాళ్లకి ఒక్క ముక్క. 2018 అక్టోబరు తిత్లీలో ఉద్దానంలో పడ్డ జీడి చెట్లలాంటివి వేళ్లతో పెళ్లగిలి ఒరిగి ఉంటాయి. మాను కోయగానే వేరు పెళ్ల గుండ్రాయిలా తిరిగి గోతిలోకి కూర్చుంటుంది. ఆ గోతి వైపు మనిషిని గానీ పశువుని గానీ ఉండనివ్వకండి. వంగిన మానుకి లోవంపు వైపు కర్ర నొక్కుకుని ఉంటుంది, పై వంపు వైపు సాగి ఉంటుంది. ముందు నొక్కు వైపు మూడో వంతు కోసి, తర్వాత సాగిన వైపు నుంచి రండి. తిరగేసి చేస్తే బారు ఇరుక్కుంటుంది, లేదంటే మాను నిలువునా చీలి తంతుంది.

#16 పలాస గింజ

జీడి పిక్క తొక్కలు బస్తాలు బస్తాలు దొరుకుతాయి. డ్రమ్ములో అవి వేసి బొగ్గు చేయొచ్చా? జీడి కర్ర సంగతి?

#17 నాగావళి

తొక్కలు వద్దండి. వాటిలో జీడి నూనె ఉంటుంది, చర్మాన్ని పొక్కించే గుణం దానిదే. డ్రమ్ములో వేడెక్కితే ఆ ఆవిరి పొగలో కలిసి కళ్లు, గొంతు, మొహం మండిస్తుంది. మంట కూడా అదుపు తప్పుతుంది, నూనె కదా. నూనె తీసిన పిప్పి కొంత నయం గానీ ఇళ్ల మధ్య అదీ వద్దు.

జీడి కర్ర కాల్చొచ్చు. సరుగుడు కంటే తేలిక, బొగ్గూ తేలికే, ఇస్త్రీకి సరిపోతుంది. సరుగుడుతో కలిపి ఒకే దఫా వేయకండి, రెండూ ఒకే టైముకి అవ్వవు. పచ్చి జీడి బెరడు జిగురు చేతులకి తగలనివ్వకండి. మీ వైపు కొబ్బరి చిప్పలు దొరుకుతాయిగా, అవి ఎండినవైతే డ్రమ్ముకి అన్నిటికంటే అనువు. పీచు పూర్తిగా ఒలిచి, ఒకేసారి నింపకుండా, అడుగు నిప్పు మీద తట్ట తట్టగా వేస్తూ, ప్రతి తట్టా మంట పట్టాక తర్వాతది. బొగ్గు గట్టిగా, ఏకరీతిగా వస్తుంది.

#18 నాగావళి

ఇంకో రెండు విషయాలు, రెండూ ప్రాణం మీదకి వచ్చేవి కాబట్టి వేరే పోస్టు.

తెరిచిన బొగ్గు చల్లగా ఉందని వెంటనే బస్తాల్లో కట్టి ఇంట్లో పెట్టకండి. కొత్త బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుంటూ వేడెక్కుతుంది. గుట్టగా, బస్తాల్లో బిగించి ఉంటే ఆ వేడి పోదు, అర్ధరాత్రి రాజుకుంటుంది. ఒక రోజంతా ఆరుబయట, జానెడు మందాన పరిచి ఉంచండి. తర్వాతే బస్తా. యాభై కిలోల బియ్యం బస్తాలో 12 నుంచి 15 కిలోల బొగ్గు పడుతుంది, అంతకంటే ఎక్కువ తూగితే తడి ఉందేమో చూడండి.

రెండోది, మూసిన గదిలో బొగ్గు కుంపటి. చలికాలం ఏజెన్సీ వైపు ఇది ఎక్కువ. పొగ లేదు కదా అనుకుంటారు. బొగ్గు నిప్పు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు, నిద్రలోనే మనిషి పోతాడు. మట్టి బట్టీలోకి దిగడం, ఆరిందనుకుని దాని మీద నడవడం కూడా అంతే ప్రమాదం, లోపల బోలుగా ఉంటుంది.

#19 నిర్వాహకులు

చర్చ బాగుంది. అమ్మే ఉద్దేశం ఉన్న వాళ్లకి ఒక మాట. 1927 భారత అటవీ చట్టం నిర్వచనంలోనే కర్ర బొగ్గు, అడవిలోంచి వచ్చినా రాకపోయినా, అటవీ ఉత్పత్తి. మన రాష్ట్రంలో 1967 అటవీ చట్టం, అటవీ ఉత్పత్తుల రవాణాకి 1970 నిబంధనలు ఉన్నాయి. చెట్లు కోయడానికి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. సరుగుడు కర్రకి అడగలేదు కదా అని బొగ్గుకీ అడగరనుకుని ఆటోలో వేసుకుపోకండి. పాసు పుస్తకం, అడంగల్ నకళ్లు పట్టుకెళ్లి, రేంజి ఆఫీసులో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

#20 కొలిమి తిత్తి

పొడి పారేస్తున్నారా? నూక బొగ్గుని మెత్తగా దంచి, జల్లించి, పది కిలోలకి అర కిలో కర్రపెండలం పిండి గంజి కాచి కలపండి. ముద్ద పట్టి పిసికితే వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, వదిలితే విడిపోకూడదు. పీవీసీ గొట్టం ముక్కలో కూరి కర్రతో నొక్కి తీయండి. ఒక రోజు నీడన, మూడు రోజులు ఎండన. మొదటే ఎండలో పెడితే పైన బీటలు. బంకమన్ను కలిపితే గట్టిగానే ఉంటుంది, బూడిద మాత్రం బోలెడు.

#21 రణస్థలం సరుగుడు

రెండు నెలలు ఆరబెట్టాక కాల్చిన దఫా లెక్క. పెనం పరీక్షలో తడి 19 శాతం. కర్ర 56 కిలోలు. ఐదుంపావుకి అంటించాం, ఆరింటికి మూత దించాం, తొమ్మిదింటికి ముందు తూర్పు నోరు, తొమ్మిదిన్నరకి మిగతావి. మర్నాడు ఏడింటికి తెరిచాం. మంచి బొగ్గు 12 కిలోల 400 గ్రాములు, కొరువులు కిలోన్నర, నూక 900 గ్రాములు. బూడిద అడుగున పల్చటి పొర. కొరువులన్నీ రేకు పక్క అడుగు వరసలోవే. గాలి రాని పడమర పక్క.

#22 బొబ్బిలి బట్టీ

22 శాతం. డ్రమ్ముకి ఇంతకంటే అడక్కూడదు. పడమర నోరు ఇంకో పావుగంట తెరిచి ఉంచాల్సింది, గాలి లేని పక్క ఎప్పుడూ వెనకబడుతుంది. ఆ కొరువులు పారేయకండి, తర్వాతి దఫాలో గుంజ పక్కనే మొదటి వరసలో పెట్టండి. సగం కాలినవి కాబట్టి ముందే అందుకుని నడిమి దారికి మంట ఇస్తాయి.

#23 రణస్థలం సరుగుడు

అలాగే అన్నా. డ్రమ్ము అడుగు కన్నాల చుట్టూ రేకు పల్చబడి పొలుసులు లేస్తోంది. ఎన్ని దఫాలు ఆగుతుంది?

#24 బొబ్బిలి బట్టీ

దఫాల లెక్క కంటే తుప్పు లెక్క పెద్దది. కాల్చిన రేకుకి రంగు లేదు, బూడిద చెమ్మ పీల్చి దాన్ని తినేస్తుంది, మీ వైపు ఉప్పుగాలి సరేసరి. ప్రతి దఫా తర్వాత బూడిద పూర్తిగా దులిపీయండి. కన్నం రెండంగుళాలు దాటితే పాత పెనం ముక్కకి అంగుళంన్నర కన్నం కొట్టి లోపల వేసీయండి, వెల్డింగు అక్కర్లేదు, బరువుకి కూర్చుంటుంది. వర్షాల ముందు డ్రమ్ము బోర్లించి, ఇటుకల మీద, పాకలో పెట్టండి. మూత వేరుగా గోడకి ఆనించండి. నేల మీద నిలబెట్టి వదిలేస్తే కార్తీకానికి అడుగు ఉండదు.